బీటవారిన గోడకు బాధ్యులెవరు?

నూజివీడు మామిడి కొన్న చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. బుట్టలో పైన నిగనిగలాడే రసాలు, అడుగున దెబ్బతిన్న కాయలు. మామిడి బుట్టలో మోసపోతే పోయేది కొద్దిపాటి డబ్బే. కాని ఇంటి కట్టడంలో ఇదే జరిగితే ఒక మనిషి జీవితకాలపు కష్టార్జితం, అతని ఆలుబిడ్డల భద్రత రెండూ ప్రమాదంలో పడతాయి.

ఇలా ఊహించండి. ఓ రైతు తోట మీద వచ్చిన ఆదాయం కూడబెట్టి ఇల్లు కట్టించుకున్నాడు. తొలి వానాకాలంలోనే స్లాబు కారింది, గోడ బీటవారింది. మేస్త్రిని పిలిపిస్తే "అంతా పైవాడి నిర్ణయం భాయ్, మన చేతుల్లో ఏముంది?" అన్నాడు. "అయితే ఆఖరి బాకీలో ఒక్క పైసా ఇవ్వను" అని ఇంటాయన మొండికేశాడు. ఇద్దరిలో న్యాయం ఎవరిది?

విధివ్రాతను నమ్మడం మన విశ్వాసంలో భాగమే. కాని దాన్ని ఎవరు, ఎప్పుడు సాకుగా వాడుకుంటున్నారో చూడాలి. పండు పక్వానికి వచ్చే సూచనలు కనిపించకముందే తోట పంటను అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే నీ సోదరుని సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావని ఆయన ప్రశ్నించారు. పూత మీదే తోటలు బేరమాడే ప్రాంతంలో ఈ మాట బాగా అర్థమవుతుంది. గమనించండి! ఇక్కడ దైవనిర్ణయం ప్రస్తావన సొమ్ము తీసుకునేవాణ్ణి హెచ్చరించడానికే వచ్చింది, అతణ్ణి తప్పించడానికి కాదు. భూకంపానికి గోడ కూలితే అది విధి. సిమెంటు తగ్గించి ఇసుక పెంచినా, కనీసం వారం రోజులైనా స్లాబుకు నీళ్ళు పట్టకపోయినా అది మనిషి చేతి పని.

హజ్రత్ అలీ (రజి) రంగులద్దేవారిని, కంసాలులను తమకు అప్పగించిన వస్తువుకు జవాబుదారులుగా ఎంచారని ఉల్లేఖనాలున్నాయి. లేకపోతే ప్రజల సొమ్ముకు రక్షణ ఉండదన్నది అందులోని వివేకం. మన దేశ చట్టం కూడా ఈ దిశలోనే నడిచింది. డబ్బు తీసుకుని ఇల్లు కట్టివ్వడం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం నిర్మాణ లోపాలకు బిల్డరును 5 సంవత్సరాలు బాధ్యుణ్ణి చేసింది. అయితే అది ఇళ్ళు కట్టి అమ్మే సంస్థల కోసం చేసిన చట్టం. సొంత స్థలంలో మేస్త్రిని పెట్టుకుని కట్టించుకునే సామాన్యుడికి ఆ అండ లేదు. ఇక్కడే దైవభీతి అవసరం ఎక్కువ.

మరి ఇంటాయన సంగతి? "ఒక బస్తా తగ్గించు, ఖర్చు పెరిగిపోతోంది" అన్నది ఆయనే అయితే బీటలో ఆయనకూ వాటా ఉంది. ప్రమాదమని తెలిసీ నోరు విప్పని మేస్త్రికీ వాటా ఉంది. ధాన్యపు రాశిలో చేయిపెట్టి లోపలి తడిని బయటపెట్టిన ప్రవక్త (సఅసం), తడిసిన దాన్ని పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. తడవడం నేరం కాదు, దాచడం నేరం. పునాది, స్లాబులోని ఇనుము కూడా అలా కప్పబడిపోయేవే. కనుక ఎవరికి తెలుసు, తెలిసీ ఎవరు దాచారు అన్నదే అసలు ప్రశ్న.

బాకీ విషయంలోనూ న్యాయం తప్పకూడదు. మరమ్మతుకు అయ్యే ఖర్చు మినహాయించుకోవడం సబబు. ఆ నెపంతో మొత్తం కూలి మింగేయడం దౌర్జన్యం. పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగ్గొట్టేవానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్ యే ప్రత్యర్థిగా నిలుస్తాడని హదీసు హెచ్చరిస్తోంది. ఇటుకలు మోసిన కూలీలు ఏ పాపం చేశారు?

అప్పు ఒప్పందాలను వ్రాసుకోమని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది. ఇంటి పనికీ అదే మంచి పద్ధతి. సరుకు ఎవరిది, లోపం వస్తే బాగుచేసే బాధ్యత ఎంతకాలం అన్నది ముందే వ్రాసుకోండి. పునాది పూడ్చకముందే పని తెలిసిన మూడో మనిషికి చూపించండి. తగాదా వస్తే అతని మాటకు ఇద్దరూ తలవంచండి.

సున్నం పూస్తే బీట మనుషుల కంటికి కనిపించకపోవచ్చు. హృదయాల లోపలిది ఎరిగిన ప్రభువు నుండి దాన్ని ఏ సున్నమూ దాచలేదు.