పోనీలే

"అక్కా, నేనూ ఆ మాత్ర వేసుకుంటేనో?" అంది మా పిన్ని కూతురు మొన్న, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

ఆ మాత్రంటే దిగులు తగ్గించే మాత్ర. దాని ఆడపడుచు ఏడాదిగా వేసుకుంటోంది. ఆవిడ సంగతి వేరు. మంచం దిగలేక, తల దువ్వుకోవటం కూడా బరువై నెలల తరబడి నలిగిపోయింది. డాక్టరు ఇచ్చిన మందుతోనే మళ్ళీ మనుషుల్లో పడింది. అక్కడ నాకు వాదన లేదు. కాని మా చెల్లెలికి జబ్బేదీ? తింటోంది, నవ్వుతోంది, సీరియల్లో అత్తగార్ని తిడుతోంది. దానికున్నదల్లా కోపం.

తాతగారి నాటి ఇల్లు 80 లక్షలకి బేరం కుదిరింది. అన్నదమ్ములిద్దరూ చెరిసగం తీసుకుని, దీనికి పసుపు కుంకుమల కింద 2 లక్షలిస్తాం, సంతకం పెట్టమన్నారు. పిత్రార్జితంలో కూతురికీ సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా అన్నయ్యలు మారరు కదా! అప్పట్నించీ దీనికి నిద్ర లేదు. "నీకు నరాలు బాగాలేవు, మాత్ర వేసుకో" అన్నారట మరిదిగారు.

జబ్బులేని వాళ్ళకి ఈ మందులిచ్చి చూసిన శాస్త్రజ్ఞులున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో సిటాలోప్రామ్ అనే మందుని ఆరోగ్యవంతులకి వారం రోజులిచ్చి, చాక్లెట్ రుచి చూపించారు, బూజుపట్టిన స్ట్రాబెర్రీ పండ్ల బొమ్మలూ చూపించారు. 2010లో అచ్చయిన సంగతి. రుచి ఎలా వుందంటే వాళ్ళు చెప్పింది మామూలుగానే చెప్పారు. లోపల మెదడు మాత్రం తీపికీ తక్కువగానే స్పందించింది, రోతకీ తక్కువగానే స్పందించింది. చేదొక్కటే ఏరి తీసెయ్యటం మందుకి చేతకాలేదన్నమాట.

అదే ఏడు కేంబ్రిడ్జివాళ్ళు ఒక ఆట ఆడించారు. ఒకరి చేతికి కొంత డబ్బిస్తారు. ఆయన "ఇందులో నీకింత" అని రెండో మనిషికి చెప్పాలి. సరేనంటే ఎవరి వాటా వాళ్ళది, వద్దంటే ఇద్దరికీ సున్నా. మరీ అన్యాయంగా ఇస్తే చాలామంది "నాకూ వద్దు, నీకూ వద్దు" అంటారు. సిటాలోప్రామ్ ఒక్క మోతాదు వేసుకున్నవాళ్ళలో ఆ మాట తగ్గింది! పిరికితనం వల్ల కాదుట. ఎదుటివాడికి నష్టం చెయ్యటానికి మనసొప్పకట. అసలే జాలిగుండె గలవాళ్ళలో ఇది మరీ ఎక్కువగా కనిపించిందట.

ఇది చదివి చాలాసేపు ఊరుకున్నాను. "పోనీలే" అనే మన మాటకి ఇంత చక్కని నిర్వచనం ఎక్కడా చూడలేదు.

మరి మంచిదే కదా, మనసు మెత్తబడితే? పదిహేనేళ్ళ క్రితం నేనూ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాను. ఏ మాత్రా వేసుకోలేదు. కోపం కూడా రాలేదు. అందరూ మా అక్క బంగారం అన్నారు. ఆ రోజు నాలో వున్నది మంచితనమా, లేక కోప్పడటం ఎప్పుడో మరిచిపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

2023లో కేంబ్రిడ్జివాళ్ళదే ఇంకొకటి వచ్చింది. 66 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి ఎస్సిటాలోప్రామ్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, కనీసం మూడు వారాలిచ్చారు. మందు వేసుకున్నవాళ్ళ జ్ఞాపకం చెడలేదు, ధ్యాస చెదరలేదు. కాని ఒప్పయితే మెప్పు, తప్పయితే చురక తగిలే ఆటలో, వాటిని బట్టి దారి మార్చుకోవటం మందగించింది. మా చెల్లెలి కోపం అలాంటి చురకే కదా. మాత్రతో అది చల్లారిపోతే ఇల్లు ప్రశాంతంగానే వుంటుంది. అన్నయ్యల ఇల్లు ఇంకా ప్రశాంతంగా వుంటుంది.

"నిద్రపట్టకపోవటం ఇలాగే సాగితే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతాను. జబ్బో కాదో ఆయన చెప్తాడు, మరిదిగారు కాదు" అన్నాను.

అది మాట్లాడకుండా కాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి ఫోను మోగింది. పెద్దన్నయ్య.

"కాగితాలు పంపకు అన్నయ్యా, నేనే వస్తున్నా, కూచుని మాట్లాడుకుందాం" అంటోంది. గొంతు వణుకుతోంది.

ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.