అడగలేని యజమాని

మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్‌సాగర్ చెంత, చిలుకూరు బాలాజీ గుడి ఉంది. మొదటిసారి వచ్చినవాళ్లు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరితే మళ్లీ వచ్చి 108 చేస్తారు. హుండీ మాత్రం లేదు. దాన్ని నిరాడంబరత అని మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. నాకు అందులో అంతకంటే కటువైన ఎరుక కనిపిస్తుంది. పరుల సొత్తు కొన్నాళ్లు దగ్గర పెట్టుకున్నవాణ్ణి దొంగబుద్ధి కంటే తేలిగ్గా చెరిపేది, దీన్ని నాకంటే బాగా ఎవరు చూసుకుంటారన్న తృప్తి.

అరణ్యకాండలో సీత రాముడికి ఒక పాత కథ చెబుతుంది. ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, తన కత్తిని దాచిపెట్టమని ఒక మునికి ఇచ్చి వెళ్లాడు. ముని దాన్ని కాజేయలేదు, మూలన పడేయనూ లేదు. ఎక్కడ పోతుందోనన్న భయంతో దుంపలకూ పళ్లకూ అడవిలోకి పోయేటప్పుడు కూడా వెంట పట్టుకుపోయాడు. మోసి మోసి మనసు క్రూరమై చివరకు నరకానికి పోయాడు. సీత ఆ మాట ఎత్తింది ఆయుధాల సంగతి చెప్పడానికే, కాదనను. అయినా దాచేవాడి ధర్మం గురించి ఇంత పదునైన కథ మరొకటి నాకు తట్టదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, అప్పగింతగా పుచ్చుకున్న వస్తువును వివేకం గల మామూలు మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడమంటుంది. ఆ పరీక్షలో ముని సునాయాసంగా నెగ్గుతాడు. అదే చట్టం 160వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: గడువు తీరగానే, యజమాని అడగకపోయినా, వస్తువును తిరిగి ఇచ్చేయాలి. పోతుందేమోనని వణికినవాడికి, ఇచ్చేయాల్సిన రోజు గుర్తుండటం కష్టం. యాజ్ఞవల్క్యుడు కూడా ఈ సంగతి పట్టించుకున్నాడు. దాచిన సొమ్ము రాజు వల్లో దైవం వల్లో దొంగల వల్లో పోతే దాచినవాడి తప్పు లేదన్నాడు. యజమాని అడిగాక ఇవ్వకుండా ఉన్నప్పుడు పోతే మాత్రం నష్టం వాడే కట్టుకోవాలన్నాడు.

మరి భరతుడి మాటేమిటని అడగవచ్చు. రాముడు అప్పగించిన రాజ్యాన్ని అతడు ఊరికే కాపలా కాయలేదు; కోశాన్నీ ధాన్యాగారాలనూ సేననూ పదింతలు పెంచాడు. సొంత తెలివి వాడకుండా అది జరుగుతుందా? జరగదు. కానీ ఆ పెరుగుదల అంతా అసలుతో పాటే అన్న చేతికి పోయింది, అదీ నీ మహిమేనన్న మాటతో. కాంట్రాక్టు చట్టం ఇదే సంగతిని ఆవుతో చెబుతుంది: అప్పగించిన ఆవు ఈనితే దూడ కూడా యజమానిదే. తెలివి వాడవచ్చు, దాని ఫలం మీద హక్కు రాదు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ రామదాసు. పాల్వంచ తహసీల్దారుగా కంచర్ల గోపన్న వసూలు చేసిన శిస్తు తానీషాది. దాన్ని భద్రాచలం గుడికి ఖర్చు చేసి గోల్కొండ చెరలో పడ్డాడు. పరుల సొమ్మును తన కోసం కాక దేవుడి కోసం వాడితే తప్పేమిటని తెలుగువాడి గుండె అడుగుతూనే ఉంటుంది. కానీ మనం చెప్పుకునే కథ ఎలా ముగుస్తుందో చూడండి. రాముడు తానీషా కలలోకి వచ్చి ఈ బాకీ చెల్లదని అనలేదు. లక్ష్మణుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి సొమ్మంతా లెక్కపెట్టి కట్టాడు. రశీదు కూడా తీసుకున్నాడంటారు! ఎంత భక్తి కథ అయినా, అప్పగింత సొమ్ము సంగతి వచ్చేసరికి దేవుడి చేత కూడా బాకీ తీర్పించింది. రామదాసును కొలిచే జనమే తానీషా హక్కును కొట్టిపారేయలేకపోయారు.

గుడి సొత్తు దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే అక్కడి యజమాని నోరు తెరిచి అడగడు. 1925లో ప్రివీ కౌన్సిల్ విగ్రహాన్ని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించింది. 2019 అయోధ్య తీర్పూ రామ్‌లల్లా విషయంలో అదే దారిన నడిచింది. నోరులేని యజమాని తరఫున మాట్లాడేది ఎవరు? చల్లా కొండయ్య కమిషన్ తరవాత వచ్చిన 1987 దేవాదాయ చట్టం అర్చకత్వంలోనూ ధర్మకర్తృత్వంలోనూ వంశపారంపర్య హక్కులు తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. చిలుకూరు అర్చకుడు ఎం.వి. సౌందరరాజన్ ఏళ్ల తరబడి ప్రభుత్వ అజమాయిషీని ఎదిరించారు. తరతరాలుగా కొలిచినవాడికే దేవుడి మనసు తెలుస్తుందని ఒక పక్షం, లెక్క చెప్పే బాధ్యత సర్కారుకే ఉంటుందని మరో పక్షం. రెండింటిలోనూ నిజముంది, రెండింటి గొంతులోనూ ఆ ముని తృప్తి కూడా వినిపిస్తుంది. హుండీ లేకపోవడం నగదు వరకే మందు. పైగా దీపానికీ నైవేద్యానికీ వెతుక్కునే పల్లె గుళ్లకు ఆ దారి కుదరదు. హైదరాబాద్ పెరిగి పెరిగి చేవెళ్ల వైపు సాగుతున్న రోజుల్లో అసలు కష్టమంతా మాన్యం భూములది, అంటే పహాణీలో ఎవరి పేరు ఉందన్నది. 2021లో మధ్యప్రదేశ్ పూజారుల కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది: యజమాని గడిలో దేవుడి పేరొక్కటే ఉండాలి, అనుభవదారు గడిలో కూడా పూజారి పేరు అక్కర్లేదు. ప్రభుత్వానికి చెందిన గుడి అయితే తప్ప, నిర్వాహకుడిగా కలెక్టరు పేరు కూడా రాయకూడదంది.