పిల్లికి తలుపు మూసే ముందు

ధవళేశ్వరం నుండి ఒక కుటుంబం వారు మమ్మల్ని ఒక విషయం అడిగారు. జంతువుల ఆశ్రయ కేంద్రం నుండి రెండు పిల్లులను తెచ్చుకుందామని పిల్లల పట్టు. ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు మీదే ఉంది గనుక వాటిని బయటకు వదలకుండా లోపలే పెంచుదామని తండ్రి ఆలోచన. దాదీమా మాత్రం ససేమిరా అంటున్నారు. పిల్లిని బంధించి నరకం పాలైన స్త్రీ సంగతి మరిచిపోయారా అన్నది ఆమె ప్రశ్న.

పిల్లిని పెంచవచ్చా అనే విషయంలో పెద్దగా చర్చ లేదు. హజ్రత్ అబూ హురైరా (రజి)కు ఆ పేరు వచ్చిందే పిల్లికూన వల్ల. మేకలు కాసే రోజుల్లో ఆయన దానితో పగలు ఆడుకొని, రాత్రి చెట్టు మీద ఉంచేవారని తిర్మిజీలో ఉంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోడలు కబ్షా ఆయన వుజూ కోసం నీళ్ళు పోస్తుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన అది తాగడానికి వీలుగా పాత్రను వంచారు. ఆమె ఆశ్చర్యంగా చూడడంతో, పిల్లి అపరిశుద్ధమైనది కాదని, అది మన మధ్య తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (స) చెప్పిన విషయం ఆమెకు తెలిపారు.

ఇక దాదీమా భయం. అది వృథా భయం కాదు. ఆమె చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అయితే దానిని చివరి వరకు చదవాలి. ఆ స్త్రీ పిల్లిని కట్టేసింది, తిండి పెట్టలేదు, నీరు ఇవ్వలేదు. పోనీ, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి విడిచిపెట్టనూ లేదు. అంటే ఆమె ముందు రెండు దారులున్నాయి: తానైనా పోషించాలి, లేదా వదిలేయాలి. ఆమె రెండూ చేయలేదు. తిండి, నీరు లోపం చేయనంతవరకు పిల్లిని ఉంచుకోవడం, కట్టి ఉంచడం కూడా ధర్మసమ్మతమేనని ఈ హదీసు నుండే పండితులు గ్రహించారు. ఇమామ్ ఇబ్నె హజర్ (రహ్మ) ‘ఫత్‌హుల్ బారీ’లో ఈ మాట నమోదు చేశారు.

కాబట్టి తలుపు మూయడం పాపం కాదు. కానీ తలుపు మూసిన క్షణం నుండి, ఆ పిల్లి బయట తానుగా వెతుక్కునేదంతా మన బాకీ అవుతుంది. గోదావరి గట్టున తిరిగే పిల్లి చేపల బజారులో తలకాయో, తోకో దొరికించుకుంటుంది, ఎలుకను పడుతుంది. లోపలి పిల్లికి ఆ దారి లేదు. మన ఇళ్ళల్లో పిల్లి అంటే పాలన్నం అనుకుంటారు. పిల్లి మాంసాహారి. అన్నం మీద దానిని బతికించలేము. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. ఉడికించి ముళ్ళు తీసిన చేప, కోడి మాంసం, దాని కోసమే తయారైన మేత, ఎప్పుడూ మంచినీరు, రోజూ శుభ్రం చేసే ఇసుక తొట్టి, కిటికీలకు జాలీ కావాలి. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ తొట్టిని మరొకరు శుభ్రం చేయాలి. రేబీస్ టీకా తప్పనిసరి. అయినా గీరితే, కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

మన దేశ చట్టమూ ఇదే చెబుతుంది. పెంపుడు జంతువుకు తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. కారణం లేకుండా దానిని వదిలేయడమూ నేరమే. సరదా తీరాక సంచిలో వేసి చేపల బజారు దగ్గర దింపి వచ్చేవారు ఈ మాట గమనించాలి.

డబ్బు విషయం. పిల్లి వెల తీసుకోవడాన్ని వారించే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అధిక సంఖ్యాకులైన పండితులు దానిని హరాం అనలేదు. ఆశ్రయ కేంద్రాలలో మాత్రం సాధారణంగా అమ్మకం ఉండదు. టీకాకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చు ఇవ్వడం వెల కాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆ ఆపరేషన్ గురించి కూడా అడుగుతున్నారు. మగపిల్లి విషయంలో, ప్రయోజనం ఉంటే లేదా హాని తొలగేదైతే తప్పు లేదని ‘ఫతావా ఆలంగీరి’లో ఉంది. ఆడపిల్లికీ అదే వర్తిస్తుందని మా అభిప్రాయం.

ధవళేశ్వరం వారు మరొకటి ఆలోచించాలి. ఆనకట్ట వద్ద నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడవది. 2022 జూలైలో అదీ దాటింది. పల్లపు వీధుల వారు ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే మూసిన గదిలోని పిల్లి ఎక్కడికి పోతుంది? ఒక మూతబుట్ట ముందే సిద్ధం చేసుకోండి. వరద దాకా ఎందుకు, నాలుగు రోజుల పెళ్ళికి ఊరెళితే దానికి ఎవరు తిండి పెడతారు? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు చెప్పగలిగితేనే తెచ్చుకోండి. లేకపోతే ఈసారికి దాదీమా మాటే వినడం మేలు.

జానిమాజ్ మీద పిల్లి వెంట్రుకలు పడితే నమాజు చెల్లుతుందా అని కూడా వారు అడిగారు. చెల్లుతుంది. మూత్రం పడితే మాత్రం ఉతకాలి.