విడిచినవాడు, విడువబడినది

క్రైస్తవ కుటుంబాల్లో భార్యాభర్తలు విడిపోతే, ఆ తరువాత ఏమిటన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. "బైబిలు ఏం చెబుతోందో చూద్దాం" అని అందరూ అంటారు. తీరా చూడబోతే ఒక్కొక్కరు ఒక్కొక్క పుట తెరుస్తారు. ఒకరు మార్కు సువార్త పదో అధ్యాయం తీసి, విడాకులన్న మాటే వద్దంటారు. ఇంకొకరు మత్తయి పంతొమ్మిదో అధ్యాయం తీసి, ఒక్క కారణం ఉంటే సరేనంటారు. మూడోవారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయం చూపించి, రెండో కారణం కూడా ఉందంటారు. నాలుగోవారు రోమా పత్రిక తీసి, మొగుడు బతికి ఉండగా మారుమనువా అని ముఖం చిట్లిస్తారు. అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే పుస్తకం.

నేను వేదాంత కళాశాల మెట్లు ఎక్కినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, అందులోనే తల నెరిసినవాణ్ణి. కాగితాలు చదవడం నా వృత్తి. ఏ కాగితమైనా చేతికొస్తే, ఇది ఎవరు ఎవరికి రాసి ఇచ్చారు, దీనివల్ల ఎవరికి రక్షణ, ఎవరి మీద బాధ్యత అని చూడడం మాకు అలవాటు. ఈ వాక్యాలనూ ఆ అలవాటుతోనే చదివాను. నాకు తోచింది పాఠకుల ముందు పెడుతున్నాను.

మొదటిది మోషే ధర్మశాస్త్రం. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో, భార్యను పంపివేసే భర్త ఒక పత్రం రాసి ఆమె చేతికివ్వడం కనిపిస్తుంది. తెలుగు బైబిలు దాన్ని పరిత్యాగ పత్రిక అంటుంది. మన విడాకులన్న మాటలోనూ ఒక ఆకు ఉంది చూడండి. అక్కడ ధర్మశాస్త్రం కొత్తగా విడాకులు కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న ఆచారానికి ఒక హద్దు పెట్టింది. ఆమె మరొకరిని పెళ్లాడి, ఆ పెళ్లీ పోతే, మొదటి భర్త ఆమెను మళ్లీ తెచ్చుకోరాదన్నది ఆ చట్టం అసలు సారాంశం. పత్రం చేతిలో ఉన్న స్త్రీ మరొకరికి భార్య కావచ్చు. పాతవాడు వచ్చి నాదనడానికి వీల్లేదు. అంటే ఆ కాగితం విడిచినవాడికి ఒక వెసులుబాటయితే, విడువబడినదానికి ఒక రక్షణ.

అయితే ఏ కారణంతో పంపవచ్చన్న దగ్గర యూదు పండితులు రెండు బడులయ్యారు. షమ్మాయి బడివారు స్త్రీ శీలం తప్పితేనే అన్నారు. హిల్లేలు బడివారు వంట చెడగొట్టినా చాలన్నారు. తరువాతి కాలపు అకీబా, ఇంతకంటే అందగత్తె కనబడినా సరేనన్నాడు. ఈ ముగ్గురి మాటలూ మిష్నాలో నమోదై ఉన్నాయి.

పరిసయ్యులు యేసును అడిగినది ఈ తగాదాలోంచి పుట్టిన ప్రశ్నే. ఏ కారణం చేతనైనా భార్యను వదలవచ్చునా అని. అందులో ఒక ఉచ్చు కూడా ఉంది. సోదరుడి భార్యను తెచ్చుకున్న హేరోదును తప్పుబట్టినందుకే బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయింది. యేసు ఏ బడివైపూ మొగ్గలేదు. ఆదికాండానికి వెళ్లి, ఇద్దరూ ఒక్క శరీరమైనప్పుడు మనిషి వేరు చేయకూడదన్నాడు. మీ గుండెలు బండబారినవి కాబట్టే మోషే ఆ అనుమతి ఇచ్చాడన్నాడు. శిష్యులు అది విని, అలాగయితే అసలు పెళ్లి చేసుకోకపోవడమే మేలన్నారని మత్తయి రాశాడు. పురుషుల చేతిలోని ఒక సౌకర్యం పోయిందని వారికి వెంటనే అర్థమైంది.

మార్కు రాసినదానిలో ఒక చిన్న మాటను మనం తరచు దాటిపోతాం. భార్యను వదిలి మరొకామెను చేసుకున్నవాడు ఆ మొదటి భార్యకు విరోధంగా వ్యభిచరించినట్టే అన్నాడు యేసు. అంతవరకూ ధర్మశాస్త్రం లెక్కలో వ్యభిచారమంటే మరొకడి భార్యతో పోవడం. నష్టపోయినవాడు ఆ భర్త. తన సొంత భార్యకు పురుషుడు ద్రోహం చేయగలడన్న లెక్క ఇక్కడ వచ్చింది. మన దేశంలో 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టం పద్దెనిమిది వందల ఏళ్ల తరువాత కూడా ఈ మాట వరకు రాలేదు. భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటి చాలదు, దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో ఇంకొకటి జతపడాలి. 2001 సవరణతోగాని ఇద్దరూ సమానం కాలేదు.

ఇక మత్తయిలోని మినహాయింపు. ఇక్కడ భాషా సమస్య ఒకటుంది. మా ఇంట్లో నేను తెలుగు బైబిలు చదువుతాను, తమిళ బడిలో చదువుకున్న మా ఆవిడ తమిళ బైబిలు చదువుతుంది. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. తెలుగులో భార్యను వదలడానికి చెప్పిన కారణమూ వ్యభిచారమే, వదిలి మరొకరిని చేసుకుంటే అంటుకునే దోషమూ వ్యభిచారమే. తమిళంలో మొదటిది వేసిత్తనం, రెండోది విబచారం. గ్రీకు మూలంలోనూ రెండు మాటలే ఉన్నాయి, పోర్నేయియా, మోయిఖేయియా అని. తెలుగు బైబిలు మాత్రమే చదివేవారికి ఇక్కడ ఒక చర్చ ఉందని కూడా తెలియదు. ఆ మొదటి మాటకు భార్య పరపురుష సాంగత్యమని ప్రొటెస్టెంటు పండితులు ఎక్కువమంది అర్థం చెప్పారు. లేవీయకాండం నిషేధించిన వావి తప్పిన పెళ్లిళ్లని కతోలిక పండితులు కొందరన్నారు. ప్రధానం జరిగి పెళ్లి కాకముందు బయటపడిన దోషమని ఇంకొందరు. మరియ విషయంలో యోసేపు పడిన సందిగ్ధం అలాంటిదే కదా. పైగా ఆ మినహాయింపు వదలడానికి మాత్రమేనా, మారుమనువుకు కూడా వర్తిస్తుందా అన్నది మరో తగాదా. వదలడానికి మాత్రమేనని అగస్టీను తేల్చాడు. మారుమనువుకూ వర్తిస్తుందని లూథరు, కాల్విను అన్నారు.

పౌలు మాట ఇంకో తీరు. కొరింథులో దంపతుల్లో ఒకరే విశ్వాసులైన ఇళ్లుండేవి. అవిశ్వాసి వెళ్లిపోతే పోనివ్వండి, అలాంటప్పుడు మిగిలినవారు బందీలు కారన్నాడు. ఇది ప్రభువు చెప్పింది, ఇది నేను చెబుతున్నది అని రెండింటినీ విడదీసి మరీ రాశాడు. ప్రభువు ఎదుట ఎదురుకాని పరిస్థితి తనకు ఎదురైంది, దానికి జవాబు చెప్పవలసి వచ్చింది. ఈ వాక్యానికి మన దేశ చరిత్రలోనూ చోటుంది. క్రైస్తవ మతంలోకి వచ్చినందుకు భార్యో భర్తో వదిలేసినవారికి విముక్తి కల్పిస్తూ 1866లో నాటి ప్రభుత్వం ఒక చట్టమే చేసింది.

ఇన్ని వాక్యాల నుంచి మూడు దారులు చీలాయి. కతోలిక సభ 1563లో ట్రెంటు మహాసభలో, వ్యభిచారం జరిగినా వివాహబంధం తెగదన్న తన బోధను స్థిరపరిచింది. అసలు ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లలేదని తేలితేనే విముక్తి. ఆ విచారణను పోప్ ఫ్రాన్సిస్ 2015లో సులభం చేశారు. మరుసటి ఏడు ఆయన రాసిన లేఖలో మారుమనువు చేసుకున్నవారి మీద కొంత జాలి కనబడేసరికి నలుగురు కార్డినళ్లు సంజాయిషీ అడుగుతూ ప్రశ్నలు పంపారు. తూర్పు ఆర్థడాక్సు సభలు బంధం తెగరాదంటూనే, తెగిన మనిషి మీద దయతో రెండో పెళ్లికి, అరుదుగా మూడో పెళ్లికి ఒప్పుకుంటాయి. అయితే ఆ పెళ్లి ప్రార్థనల్లో పశ్చాత్తాపపు స్వరం ఉంటుంది. ప్రొటెస్టెంటులు వ్యభిచారం, విడిచిపోవడం అనే రెండు కారణాలను సాధారణంగా ఒప్పుకున్నారు. అయినా అందరూ ఒకటి కాదు. విడాకులు పొందిన స్త్రీని చేసుకోదలచి ఎనిమిదో ఎడ్వర్డు 1936లో రాజ్యమే వదులుకున్నాడు. అదే ఇంగ్లండు సంఘం 2002లో, ప్రత్యేక పరిస్థితుల్లో అలాంటి పెళ్లి గుడిలో జరపవచ్చని తీర్మానించింది.

ఇవన్నీ దూరపు సంగతులు. నేను తమిళనాడులో ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు, మన తెలుగామె ఒకావిడ డిపాజిటుకు నామినీ పేరు మార్చాలని వచ్చింది. పాత పేరు భర్తది. అతను తొమ్మిదేళ్ల కిందట ఆమెను, బిడ్డను వదిలి వేరే ఊరు వెళ్లి, అక్కడ మరొకామెతో కాపురం పెట్టాడు. కోర్టు ఈమెకు విడాకులిచ్చింది. వాళ్ల సంఘంలోనే భార్య పోయిన ఒకాయన ఈమెను చేసుకుంటానన్నాడు. సంఘపెద్దలు ఒప్పుకోలేదు. "కోర్టు కాగితం కోర్టుకే చెల్లుతుందమ్మా, మొదటివాడు బతికి ఉన్నంతకాలం అది వ్యభిచారమే. చేసుకుంటే ప్రభువు బల్లకు రాకూడదు" అన్నారట. "మరి ఆయన సంగతేమిటమ్మా?" అని అడిగాను. "ఆయన ఆ ఊరి గుళ్లో సభ్యుడే సార్. బల్లకు వెళుతున్నాడు. అక్కడి అయ్యగారికి నా సంగతి ఎవరు చెప్పారు?" అంది. ఫారం మీద బిడ్డ పేరు రాసి, సంతకం చేసి వెళ్లింది.

ఆ పెద్దలు దుర్మార్గులని నేననను. వాక్యానికి భయపడేవారే. కాని వారి తీర్పు ఫలితం చూడండి. విడిచినవాడికి ఇల్లుంది, సంఘముంది, బల్ల ఉంది. విడువబడినదానికి వాక్యం మిగిలింది, అదీ శిక్షగా. చెట్టు కొట్టినవాణ్ణి వదిలి, కింద నలిగినవాడికి జరిమానా వేసినట్టయింది.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలను మనం ఒకటిగా కలిపేస్తున్నాం. నేను నా ప్రమాణాన్ని వదులుకోవచ్చా అన్నది మొదటిది. నా పక్కన ప్రమాణం తెగి పడిన మనిషిని ఏం చేయాలి అన్నది రెండోది. యేసును అడిగినవారు మొదటి ప్రశ్న అడిగారు, వదిలించుకోవడానికి దారి వెదుకుతూ అడిగారు. వారికి దారి లేదన్నాడు. పౌలును అడిగినవారు వదిలివేయబడినవారు. వారికి సంకెళ్లు లేవన్నాడు. అడిగినవారు ఎవరో చూడకుండా మొదటివారికిచ్చిన జవాబు తెచ్చి రెండోవారికి అంటగడితే, అది ఒకరి పేర రాసిన నోటీసును పక్కింట్లో అంటించడమే.

కామర్సులో మేము చదివిన 1932 నాటి భాగస్వామ్య చట్టంలో దీనికి దగ్గరి పోలిక ఒకటుంది. గడువు పెట్టుకోని భాగస్వామ్యమైతే 43వ సెక్షను ప్రకారం ఒక భాగస్థుడు నోటీసు ఇచ్చి రద్దు చేసుకోవచ్చు. హిల్లేలు బడివారు పెళ్లిని ఇంచుమించు ఇలాగే చూశారు. యేసు ఒప్పుకోనిది దీన్నే. 44వ సెక్షను వేరు. అందులో కోర్టు రద్దు చేయగల కారణాలున్నాయి. దుష్ప్రవర్తన, ఒప్పందాన్ని పదేపదే ఉల్లంఘించడం వంటివి. కాని ఆ తప్పు చేసినవాడు దావా వేసిన భాగస్థుడు కాకూడదని చట్టం జాగ్రత్తగా చెబుతుంది. తన తప్పును చూపించి తానే విడుదల కోరుకోవడానికి వీల్లేదు. పెళ్లి వ్యాపారం కాదు, నిజమే. వ్యాపారానికే ఇంత న్యాయం ఉన్నప్పుడు పెళ్లికి ఇంతకన్న తక్కువ ఉండకూడదు కదా.

కతోలికుల వాదంలో ఒక బలముంది. అవతలివారు మాట తప్పినా నా మాట నాదే అనడం గొప్ప సంగతి. వదిలిపోయిన భర్త కోసం జీవితాంతం ప్రార్థన చేస్తూ ఉండిపోయినవారు మన ఊళ్లలో ఉన్నారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే అది వారు ఎంచుకున్న వ్రతం. ఒంటరిగా ఉండడం అందరికీ ఇచ్చిన వరం కాదని పౌలు అదే ఏడో అధ్యాయంలో అన్నాడు. ఎంచుకోనివారి మీద మోపితే అది వ్రతం కాదు, జైలు.

తలుపు ఒకసారి తీస్తే అందరూ దూరతారని పెద్దల భయం. పెళ్లిలో పూర్తిగా నిర్దోషి ఎవరు అని కూడా అడుగుతారు. రెండూ సరైన ప్రశ్నలే. విసుగు పుట్టి వదిలిపోయి, తామే బాధితులమని చెప్పుకునేవారు, ఆడైనా మగైనా, ఉంటారు. అందుకు విచారణ కావాలి, తలుపు మూసేయడం కాదు. మా బ్యాంకులో కొత్తగా ఖాతా తెరవడానికి వచ్చినవాణ్ణి పది ప్రశ్నలడిగి, పత్రాలు చూసిగాని చేర్చుకోం. సంఘంలో చేరడానికి భార్యతో వచ్చిన మనిషిని, ఇంతకుముందు పెళ్లయిందా, ఆవిడ ఎక్కడుంది, బిడ్డకు ఖర్చులు పంపుతున్నావా అని అడగడం ఏ వాక్యానికి విరోధం? పాత సంఘం నుంచి ఉత్తరం తెమ్మనడం ఎంత పని? కఠినత్వమంతా అక్కడ చూపించాలి.

మన పూర్వుల్లో చాలా కులాలకు మారుమనువు ఆచారం ఉండేది. వదిలివేయబడిన ఆడపిల్లకు పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేసి మరో ఇల్లు చూసేవారు. క్రైస్తవంలోకి వచ్చాక మనం కోరింది అంతకన్న మంచి న్యాయాన్ని. ఆ పాతవారు ఇచ్చినంత నీడ కూడా మన సంఘం ఇవ్వలేకపోతే, వాక్యం కఠినమైనదని సమాధానం చెప్పుకోకూడదు. ఇలాంటి తగవు ముందుకొచ్చినప్పుడు పెద్దలు మొదట ఇద్దరినీ పిలిపించాలి. ఇద్దరి సంఘాలూ ఉత్తరాలు రాసుకోవాలి. ఎవరు విడిచారో, ఎవరు విడువబడ్డారో తేల్చిన తరువాతే బైబిలు తెరవాలి. అప్పుడు ఏ పుట ఎవరికోసం రాశారో తెలుసుకోవడం అంత కష్టం కాదు.