రక్షణభారము ఎవ్వరిది?

గజేంద్రమోక్షణ కథ వినని వైష్ణవగృహము తెలుగునాట లేదు. మడుగులో మొసలి వాతబడిన ఏనుగు మొర వినునపుడు భక్తుల కన్నులు చెమర్చును. కాని కుప్పము, పలమనేరు అడవుల యంచున ఒక రాత్రి ఆ గజేంద్రుని జాతివే వేరుసెనగ చేనిలో ప్రవేశించినవనుకొందము. తెల్లవారి ఆ చేని గట్టున నిలిచిన రైతునకు మనమేమి చెప్పవలెను? ఏనుగును కాపాడుట ధర్మమా? రైతును కాపాడుట ధర్మమా? ఇది విచారింపదగిన ప్రశ్న.

వన్యమృగరక్షణము మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గజవనములను ప్రత్యేకముగా కాపాడవలెననియు, ఏనుగును చంపినవానికి మరణదండన విధింపవలెననియు శాసించినది. అందలి ప్రధానోద్దేశము దయ కాదు. రాజులకు గజబలము ఆవశ్యకము. అశోకుని మార్గము వేరు. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి యందు, ఆయన శిలాశాసనములు నేటికిని నిలిచియున్నవి. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేయుట, ఇరువురి కొరకును బావులు త్రవ్వించుట, చెట్లు నాటించుట అందు పేర్కొనబడినవి. మనుష్యుని విడిచి మృగమును గాని, మృగమును విడిచి మనుష్యుని గాని ఆయన తలపలేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ఆంగ్లేయుల కాలమున 1873లో మద్రాసు ప్రభుత్వము అడవి యేనుగుల రక్షణకై చట్టము చేసినది. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో అడవులకు హద్దురాళ్లు పడినవి. అంతవరకు కట్టెలకును మేతకును స్వేచ్ఛగా పోయిన గ్రామస్థులకు పలుచోట్ల ఆ హద్దులు అడ్డుగోడలైనవి. స్వాతంత్ర్యానంతరము 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1980లో అటవీ సంరక్షణ చట్టము, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినవి. వీనిమధ్య 1976లో జరిగిన 42వ సవరణ రాజ్యాంగములో ఒక విశేషమును చేర్చినది. అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడుటయు, ప్రాణులయెడ దయ కలిగియుండుటయు ప్రతి పౌరుని కర్తవ్యమని అది చెప్పినది. రాజు అవసరముతో మొదలైన రక్షణము, ప్రభుత్వపు ఆస్తి యను భావమును దాటి, ఈనాటికి పౌరుని దయవరకు వచ్చినదన్నమాట.

ఇక మన సీమ మాట. 1980వ దశకమున తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగుల గుంపులు కుప్పము, పలమనేరు ప్రాంతములకు వచ్చినవి. వాని రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. దాని యంచున గ్రామములు, చేలు, తోటలు ఉన్నవి. కందకములు త్రవ్విరి, సౌరవిద్యుత్తు కంచెలు వేసిరి. 2025లో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకి ఏనుగులను మన రాష్ట్రమునకు ఇచ్చినది. అయినను చేలు పాడగుచున్నవి, మనుష్యులు మరణించుచున్నారు, అక్రమముగా పెట్టిన విద్యుత్తీగలు తగిలి ఏనుగులును మరణించుచున్నవి. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో శివరాత్రి సమయమున, ఓబులవారిపల్లె మండలములోని గుండాలకోనకు అడవిదారిన పోవుచుండిన భక్తులలో ముగ్గురు ఏనుగుల దాడిలో అసువులు బాసిరి.

తంబళ్లపల్లె మొదలు కుప్పము వరకు గల మెట్టపొలములను ఎరిగినవారికి ఒక పంట పోవుటయన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. వానను నమ్మి విత్తినవానికి అది ఏడాది బ్రదుకు. ఏనుగు బ్రదికినందుకు దేశమంతయు సంతోషించును. దాని ఖర్చు మాత్రము అడవి యంచునున్న ఒక్క కాపు భరించును. దయ అందరిది, నష్టము ఒక్కనిది అయినచో అది ధర్మము కానేరదు.

చేతనాచేతనములు రెండును భగవంతునికి శరీరమని శ్రీరామానుజుల సిద్ధాంతము. ఏనుగు ఆయన శరీరమే. రైతును ఆయన శరీరమే. ఒక చేతిని కాపాడుటకై రెండవ చేతిని నరికికొను శరీరి యుండునా? కావున మొదట మనము వేసికొన్న ప్రశ్నయే సరియైనది కాదు. ఏనుగా, రైతా యని యెన్నుకొనుట ధర్మము కాదు. ఇరువురను నిలుపు మార్గమును వెదకుటయే ధర్మము. తన చేను తనదే యని తీగకు విద్యుత్తు నిచ్చి ప్రాణము తీయుట పాపము. నష్టపడినవానిని పలుకరింపక ఏనుగును కీర్తించుటయు పాపమే.

భాగవతకథ చెప్పునదియు ఇదియే. శ్రీహరి గజేంద్రుని రక్షించుటకై వైకుంఠమునుండి తానే వచ్చెను. శ్రమను మరియొకరిపై నుంచలేదు. మరియు చక్రధారచే తెగిన మొసలికిని శాపము తీరినది. అది గంధర్వుడై స్వామికి మ్రొక్కి తన లోకమునకు పోయెను. శరణన్నవానినే కాక, ఎదిరించినవానిని కూడ ఉద్ధరించినది భగవద్రక్షణము. మన రక్షణమునకు కొలత అది.

కావున మనము చేయదగినది కొంత కలదు. పంట పోయిన రైతునకు ప్రభుత్వమిచ్చు పరిహారమును భిక్షమని తలపరాదు. అది మనమందరము తీర్పవలసిన ఋణము. అది సకాలమున అందునట్లు అడుగుట గృహస్థుల కర్తవ్యము. అడవిదారిన కొండకు పోవు యాత్రికుడు ఆ మృగముల ఇంట అతిథి. అధికారులు వలదన్న వేళల నడవరాదు. తినగా మిగిలిన అన్నమును, ప్లాస్టిక్ సంచులను అచ్చట విడువరాదు. ఆ వాసనకు అలవడిన మృగము రేపు ఊరి పొలిమేరకు వచ్చును. అప్పుడు ఆ ఖర్చును మరల అంచుననున్నవాడే భరించును.

గజేంద్రవరదుడైన శ్రీహరి అడవిలోని ప్రాణులను, అడవి యంచునున్న కాపులను సమానముగా కటాక్షించుగాక. ఆ రక్షణభారములో మన పాలు మనము మోయు బుద్ధిని మనకు ప్రసాదించుగాక.