ఎమ్మావు దారిలో ఇద్దరు



ఆదివారం పూజ ముగిశాక గుణదల కొండకో, భవానీ ద్వీపానికో ఇద్దరూ కలిసి వెళ్ళిరావడం మంచిదే. కాని అందుకోసం ఇల్లాలు తెల్లవారకముందే లేచి, పులిహోర కలిపి, పిల్లలను తయారుచేసి అలసిపోతే ఆమెకు విశ్రాంతి ఏది? పక్కన కూర్చున్న భర్త దృష్టి సెల్‌ఫోన్ మీదే ఉంటే అది కలిసి వెళ్ళడమా?

ఎమ్మావు యెరూషలేముకు ఏడు మైళ్ళే. శిష్యులిద్దరూ తమ దుఃఖం చెప్పుకుంటూ నడుస్తుండగా ప్రభువు వారిని కలుసుకున్నారు (లూకా 24:13-17). ప్రేమకు సమయం కావాలని, ఓపికగా వినాలని ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో 'అమోరిస్ లెతీసియా' ప్రబోధంలో బోధించారు.

కనుక పని పంచుకోండి. దారిలో మనసు విప్పి మాట్లాడుకోండి, ఒకరి మాట ఒకరు వినండి. ప్రభువు మీతో నడుస్తారు. ఆమెన్.