ఏ ఋణము ముందు?

బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టునని తైత్తిరీయ సంహిత చెప్పినది. అధ్యయనముచే ఋషులకు, యజ్ఞముచే దేవతలకు, సంతానముచే పితరులకు అవి తీఱవలెను. తక్కిన గృహస్థులును క్రమముగా ఈ బాకీని నెత్తికెత్తుకొనిరి. పెండ్లాడని జరత్కారుని పితరులు గడ్డిదుబ్బు పట్టుకొని గోతిలో తలక్రిందులుగా వ్రేలాడుచుండగా, ఆ దుబ్బు వేళ్ళను ఎలుక కొఱుకుచుండిన కథను ఆదిపర్వమున చదివినవారికి, 2019-21 కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలేయను లెక్క కనబడినపుడు ఆ ఎలుక పండ్ల చప్పుడు చెవిని పడినను వింతలేదు. తరము తఱుగక నిలుచుటకు 2.1 కావలెను గదా!

సంపదయు స్త్రీవిద్యయు పెరిగినకొలది కాన్పులు తగ్గునందురు. తెలుగునేల ఈ సూత్రమునకు చక్కగా లొంగలేదు. 2001 జనగణనలో కేరళ స్త్రీలు నూటికి 88 మంది అక్షరాస్యులు కాగా ఉమ్మడి ఆంధ్రమున సగమే. అయినను 2005-06 నాటికి కేరళ సంతానసంఖ్య 1.9, మనది 1.8. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకై సర్కారు పట్టిన పట్టు ఒక కారణము, నిజమే. ఆ భారమంతయు దాదాపుగా స్త్రీ శరీరమే మోసినది. కాని ఒక్క కత్తితోనే ఇంత పని జరుగునా?

చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుని గుడియొద్ద, గోవాడ మిల్లుకు పోవు చెరకు కొట్టి బ్రతికిన యొక ముసలమ్మ నాతో ననినది: “నానేటి సదువుకున్నాను బాబూ? ఇద్దరితోనే ఆపరేసన్ సేయించుకున్నాను. ఆళ్ళైనా సదవాల గదా!” తాను తీర్ప నోచని ఋషిఋణమును బిడ్డలచే తీర్పించుటకై ఆమె పితృఋణమును మితపఱచినది. ఈ రెండింటికిని వైరము వచ్చునని ప్రాచీనులు తలపలేదు కాబోలు. వారి గురుకులములలో ఫీజులు లేవు.

పండితురాలగు కూతును కోరు దంపతులు నేతితో నువ్వులన్నము తినవలెనని బృహదారణ్యకోపనిషత్తు. ఆ పాండిత్యము గృహకృత్యములకు సంబంధించినదేయని శంకరులు వ్యాఖ్యానించిరి. అంతటి మహానుభావుడును అచ్చట కొంత చేయి బిగించెననిపించును. ఆత్మ నెఱిగినవారు సంతతిని కోరలేదనియు ఆ ఉపనిషత్తే చెప్పుచుండగా, కాన్పులు తగ్గుట ధర్మలోపమని తీర్పు చెప్పుటకు నాకు నోరు రాదు. మఱొకవంక, ఇద్దఱికి మించి కన్నవారు పంచాయతీ ఎన్నికలకు అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024లో సర్కారే తొలగించినది.

ముసలమ్మ మనుమరాలు విశాఖపట్నమున ఇంజనీరింగు చదువుచున్నదట. మఱి పెద్దల బాకీ మాటేమని యడిగితిని. ఆమె నవ్వినది.

“ఆళ్ళ బాకీ తరవాత సూద్దాం బాబూ. దీని సదువుకి సేసిన అప్పు ముందు తీరాల.”